తుఫాను షెల్టర్‌లో నాలుగు మైకులు

రిటైరయ్యాక నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు తక్కువ. వచ్చినవాళ్ళు అడిగేది మాత్రం ఒకటే. డ్రమ్స్‌కి మైకులు ఎక్కడ పెట్టాలి మేడమ్? ఫోనులో ఏదో బొమ్మ చూపిస్తారు. ఇక్కడొకటి, అక్కడొకటి, దీని కింద ఇంకొకటి, మొత్తం పదకొండు. అది చూడగానే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ బొమ్మ గీసినవాడు మీ హాలు చూశాడా, మీ డ్రమ్మరు ఎంత పొడుగో చూశాడా అని కసురుతాను. వాళ్ళు బిక్కమొహం వేస్తారు. తర్వాత నాకే జాలేసి కాఫీ ఇస్తాను.

ఈసారి కసరకుండా రాసిపెడుతున్నాను. నెల్లూరులో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. బాగా చేసిన పనులు చాలానే ఉన్నాయి. అవి చెప్పను, వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. మైకు తప్పుగా పెట్టిన సంగతి చెబుతాను. అంతకంటే పెద్ద తప్పు నోటితో చేశాను, అదీ చెబుతాను. రెండూ ఒకే వారంలో జరిగాయి, నా ఉద్యోగం చివరి ఏడాదిలో.

ఆ ఏడాది ఒక మధ్యాహ్నం స్టూడియోకి ఒకాయన వచ్చాడు. ఆరడుగుల పైన మనిషి. గుమ్మం దగ్గర తల వంచి లోపలికొచ్చాడు. సముద్రం ఒడ్డున ఒక పాలెం నుంచి రెండు బస్సులు మారి వచ్చానన్నాడు. తెల్లవారుజామున వేటకి పోతాడు, పెళ్ళిళ్ళ కాలంలో, జాతర్లలో ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయిస్తాడు. ఆర్కెస్ట్రా నడిపేది ఆయన బావమరిదే, భార్యకి తమ్ముడు. ఇరవై రెండేళ్ళుగా ఆ డ్రమ్స్ ముందు కూర్చున్నది ఈయన ఒక్కడే. ఇప్పుడు బావమరిది ఒక ఎలక్ట్రానిక్ ప్యాడ్ తెచ్చాడు. డ్రమ్స్ మొయ్యాలంటే వ్యాను కావాలి, ప్యాడ్ అయితే స్కూటర్ మీద పెట్టుకుపోవచ్చు, పైగా ఎక్కడ వాయించినా ఒకేలా మోగుతుంది. కొడవలూరు దగ్గర ఒక ఊరి జాతర కమిటీ శుక్రవారం లోపు ఒక పాట రికార్డు చేసి పంపమంది. బావమరిది ప్యాడ్‌తో ఒకటి ముందే చేసి పెట్టుకున్నాడు. డ్రమ్స్‌తో చేసింది అంతకంటే బాగుంటే దాన్నే పంపుతానని మాటిచ్చాడు. బాగోలేకపోతే డ్రమ్స్ మూలన పడతాయి, ఈయన కూడా.

"మేడమ్, నా డ్రమ్ములు నా మాదిరిగా వినబడేట్టు ఒక్కసారి రికార్డు చేసియ్యండి. ఆ తర్వాత తీసేస్తే తీసేయనీండి, నేనేం అనుకోను" అన్నాడు.

అనుకోనని అంటూనే తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నేను గాజు తలుపు వైపు చూస్తూ ఉండిపోయాను.

మా స్టూడియో పాటకి బాగుంటుంది గానీ డ్రమ్స్‌కి బాగోదు. కప్పు మరీ కింద, గోడల నిండా గుడ్డ. అక్కడ డ్రమ్ కొడితే దిండు కొట్టినట్టుంటుంది. ఆ మాటే చెప్పాను. తాము రోజూ సాధన చేసేది పాలెంలో తుఫాను షెల్టర్ మేడ మీద హాల్లోనని, అక్కడ కొడితే ఒడ్డు దాకా వినబడుతుందని చెప్పాడు. తుఫానొస్తే ఊరంతా తలదాచుకునే ఆ కాంక్రీటు హాలు మిగతా రోజుల్లో వీళ్ళదేనట. ఎత్తు కప్పు, సిమెంటు గోడలు, చుట్టూ కిటికీలు. వింటుంటేనే నాకు ఆశ పుట్టింది. ఆదివారం వస్తానని మాటిచ్చేశాను.

మా స్టూడియోలో స్టాండ్లు, వైర్లు చూసుకునే ఆయన గురించి చెప్పాలి. సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేసి, హాలు మూతపడ్డాక మా దగ్గరికి వచ్చాడు. నాకంటే ఏడేళ్ళు పెద్ద, అయినా నన్ను అక్కా అని పిలిచేవాడు. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని. ఇద్దరిలో ఎవరు పెద్దో ఎవరికీ అర్థమయ్యేది కాదు. మనిషి బంగారం, నోరు మాత్రం ఊరుకోదు. కొలతల టేపు మర్చిపోయింది నువ్వంటే నువ్వని ఈ రోజుకీ మా ఇద్దరికీ తగువే.

అవును, టేపు మర్చిపోయాం. ఆదివారం పొద్దున షెల్టర్ మెట్లెక్కి, సంచులు విప్పి, వైర్లు పరిచాక తెలిసింది. నాలుగు మైకులు తెచ్చాను, అంతే. ఒకటి కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముకి. ఒకటి ముందుండే స్నేర్‌కి, అంటే మోకాళ్ళ మధ్య పెట్టుకుని చేత్తో టపటపలాడించే డ్రమ్ముకి. మిగిలిన రెండూ పైన, ఎడమ ఒకటి కుడి ఒకటి, మొత్తం వాయిద్యాన్ని పైనుంచి వినడానికి. అసలు శబ్దమంతా ఆ పైమైకుల్లోనే ఉంటుంది.

ఇక్కడ ఒక్క సంగతి అర్థం చేసుకుంటే చాలు, మిగతాది మీరే నేర్చుకుంటారు. స్నేర్ నుంచి ఆ రెండు పైమైకులూ ఒకే దూరంలో ఉండాలి. దెబ్బ పడ్డప్పుడు ఆ శబ్దం రెండింటికీ ఒకే క్షణంలో చేరాలి. ఒకటి రవ్వంత ఆలస్యంగా వింటే, తర్వాత రెండింటినీ కలిపినప్పుడు ఒకదాన్నొకటి తినేస్తాయి. దెబ్బలో ఉన్న బరువంతా పోయి డొల్ల మిగులుతుంది.

టేపు లేదు కాబట్టి చేత్తో కొలిచాం. నేను ఎడమ వైపు స్నేర్ మధ్య నుంచి మోచెయ్యి ఆనించి మూరలు వేసుకుంటూ పోయాను. మూడు మూరలు వచ్చింది. కుడి వైపు స్టాండు ఎత్తుగా ఉండి నాకు అందలేదు. డ్రమ్మరే లేచి అటు కొలిచాడు. మూడు మూరలేనా అని అడిగాను. "సరిగ్గా మూడు మేడమ్" అన్నాడు. మా అన్న స్క్రూలు బిగించాడు. నేను చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

ఎంత బాగా వాయించాడో చెప్పలేను. హాలంతా నిండిపోయింది. హెడ్‌ఫోన్స్‌లో అటూ ఇటూ విశాలంగా, సముద్రం ఒడ్డున నిలబడ్డట్టు వినిపించింది. అన్న నా మొహం చూసి, అక్క నవ్వింది, ఇక వానొస్తుంది అన్నాడు. సోమవారం స్టూడియోలో కూర్చుని, బావమరిది ప్యాడ్ తీసేసి పంపిన పాటకి ఆ డ్రమ్స్ కలిపాను. అక్కడ కూడా రెండు స్పీకర్లలో వినడమే. ఒకే స్పీకరులో విని చూడటానికి మా దగ్గర ఒక పాత రేడియో పెట్టె ఉండేది. ఆరు నెలలుగా దాని స్పీకరు చిరిగి మూలన పడి ఉంది, బాగు చేయించాలన్న ధ్యాసే లేదు నాకు. ముప్పై ఏళ్ళు ఆ పని చేసినదానికి అంత పొగరు. పాట పంపేశాను.

మంగళవారం మధ్యాహ్నం డ్రమ్మరు ఫోను చేశాడు. ముందు క్షేమమడిగాడు. తర్వాత మెల్లిగా అసలు సంగతి చెప్పాడు. పాలెంలో ఆర్కెస్ట్రా వాళ్ళంతా చేరి, జాతర్లలో స్తంభాలకి కట్టే గంట మైకు ఒకటి షెల్టర్ పిట్టగోడ మీద పెట్టి రెండు పాటలూ వేసి విన్నారట. జాతరలో జనం వినేది అందులోనే కాబట్టి అందులోనే వినాలన్నాడట బావమరిది. నిజమే కదా. ప్యాడ్‌తో చేసింది ఠంగుమని మోగిందట. డ్రమ్స్‌తో చేసింది బిస్కెట్ డబ్బా కొట్టినట్టుందని బావమరిది అన్నాడట. పక్కనున్నవాళ్ళు నవ్వారట.

గంట మైకు అంటే ఒకే నోరు. అందులో ఎడమ, కుడి రెండూ కలిసిపోతాయి. ఆ మాట తట్టాల్సింది నాకు. తట్టలేదు. నా రికార్డింగును డబ్బా అన్నారన్న కోపం ఒక్కటే నెత్తికెక్కింది. ముక్కు మీద కోపం ఉన్న మనిషిని, ఆలోచించే లోపు మాట జారింది. ఆదివారం మీ చెయ్యి అంత గట్టిగా పడలేదు, వయసవుతోంది కదా, రోజూ వలలు లాగే చెయ్యి, అలుపు ఉంటుంది అన్నాను.

"అట్టనే ఉంటుంది మేడమ్. ఈ మధ్య భుజం కూడా లాగతా ఉంది" అని ఫోను పెట్టేశాడు.

పక్కనే వైర్లు చుడుతున్న అన్న అంతా విన్నాడు. రెండు మైకులూ కలిపి ఒకసారి విందామా అక్కా అన్నాడు. నాకు నేర్పొద్దన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు, వైరు చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ నోరు ఊరుకోని మనిషి ఊరుకోవడం చూసైనా నాకు బుద్ధి రావాల్సింది.

బుధవారం సాయంత్రం ఇంటికి వెళుతూ మల్లెపూలు కొందామని ఆగాను. నాకు రోజూ పూలిచ్చే ఆమె ఆ రోజు రాలేదు, వాళ్ళాయన కూర్చున్నాడు. రెండు మూరలిమ్మన్నాను. ఆయన మోచేతి నుంచి వేళ్ళ దాకా పరిచి కొలిచి, తెంపి ఇచ్చాడు. జడలో పెట్టుకోబోతే దండ వేలాడుతోంది. రోజూ అవే రెండు మూరలు, ఈ రోజు ఇంత పొడుగేమిటని అడిగాను. "మా ఆడమనిషి చెయ్యి పొట్టిది గదక్కా. నేను కూర్చున్న రోజు మీకు లాభం" అని నవ్వాడు.

నడిబజార్లో పూలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆరడుగుల పైన మనిషి మూర, ఐదడుగులు లేని నా మూర. మూడేసి మూరలు. ఎంత లేదన్నా జానెడు తేడా. చిన్నప్పటి నుంచి పూలు కొంటూ, నీ మూర కురచ అని ప్రతి పూలామెతో తగువాడే మనిషిని, ఆ సంగతి షెల్టర్‌లో గుర్తు రాలేదు.

ఇంటికి కాకుండా తిరిగి స్టూడియోకే వెళ్ళాను. తాళం వేయబోతున్న అన్నని ఆపి, రెండు పైమైకులూ ఒకటిగా కలిపి వేశాను. స్నేర్ ఎక్కడికో పోయింది. ఖాళీ డబ్బా, అచ్చంగా బావమరిది చెప్పిందే. ఎడమ మైకు ఒక్కదాన్నే వేశాను. ఆయన దెబ్బ పిడుగులా పడింది. ప్రతి దెబ్బా, మొదటి నుంచి చివరి దాకా. ఆ చేతినే నేను అలిసిపోయిందన్నాను. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. అన్న మంచినీళ్ళు తెచ్చిచ్చాడు, ఒక్క మాట దెప్పలేదు.

మీరు అడగబోయేది నాకు తెలుసు. కంప్యూటర్లో ఒకదాన్ని కాస్త ముందుకి జరిపితే సరిపోదా అని. జరిపాను. స్నేర్ చాలావరకు తిరిగొచ్చింది, పక్క డ్రమ్ములూ, సింబల్స్ అనే ఇత్తడి పళ్ళేలూ చెదిరిపోయాయి. ఒకవేళ అన్నీ సరిగ్గా కుదిరినా నేను అలా పంపేదాన్ని కాదు. చెయ్యి పడిపోయిందని ఆయన నమ్మాడు. నమ్మించింది నేను. ఆ మాట కంప్యూటర్లో వెనక్కి రాదు. రేపు పొద్దున్నే వెళుతున్నాం అన్నాను. రేపు మనకి వేరే పాట ఉందని అన్న గుర్తు చేశాడు. ఆ పాట చేయించుకునేవాళ్ళకి గాయకుడి గొంతు పట్టేసిందని చెప్పమన్నాను. ఆ గాయకుడు వాళ్ళకి ఎదురుపడితే దొరికిపోతాం అని నవ్వుతూనే ఫోను చేశాడు.

గురువారం మేం పాలెం చేరేసరికి పడవలు ఇంకా రాలేదు. షెల్టర్ తాళం చెవి కోసం డ్రమ్మరు ఇంటికి వెళితే ఆయన భార్య గుమ్మంలో కూర్చుని వల అల్లుతోంది. నన్ను చూసి లేవలేదు. డ్రమ్ములకి దుప్పటి కప్పేసినాడని, మంగళవారం నుంచి ఇంట్లో పలకడం లేదని చెప్పింది. ఎందుకో ఆమెకి తెలుసని ఆ చూపులోనే అర్థమైంది. నేను అక్కడే అరుగు మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఎవరి మూర ఎంతో కూడా నా చెయ్యి, అన్న చెయ్యి పక్కపక్కన పెట్టి చూపించాను.

ఆమె చేతిలోని చిన్న చెక్క ముక్కని ఎత్తి చూపించింది. వల కన్నులన్నీ ఒకే కొలతలో రావడానికి దారాన్ని దాని చుట్టూ తిప్పి ముడి వేస్తారు.

"వల ఎంత పెద్దదైనా చెక్క ఒకటే పెట్టుకుంటాం. ఇద్దరు అల్లినా అదే చెక్క. రెండు చెక్కలు పెట్టుకుంటే ఆ వల దేనికి పనికొస్తుంది? ఇంత చదువుకున్నోళ్ళు, ఈ మాత్రం తెలియబళ్ళేదా మీకు?" అంది.

తెలియలేదమ్మా అన్నాను. ఆమె లేచి తాళం చెవి తెచ్చి ఇచ్చింది.

పడవ వచ్చాక ఆయన ఒడ్డు నుంచే మమ్మల్ని చూశాడు. దగ్గరికొచ్చి నమస్కారం పెట్టాడు గానీ షెల్టర్ వైపు రానన్నాడు. వద్దులే మేడమ్, ప్యాడ్ పాటే పంపిస్తాడులే మావోడు అన్నాడు. బావమరిది కూడా అక్కడే వల దులుపుతున్నాడు, ఇంకో పదిమంది ఉన్నారు. నవ్వినవాళ్ళు వీళ్ళేనేమో నాకు తెలీదు. అందరూ వినాలనే గొంతు పెంచాను.

"తప్పు నాది. మీ చేతిది కాదు. మైకు జానెడు తేడాగా పెట్టి, అది చూసుకోకుండా మీ చేతి మీదికి తోశాను. అది సరిచేయకుండా నేను ఇక్కడినుంచి కదలను" అన్నాను.

బావమరిది వల దులపడం ఆపాడు. ఇంకోసారి చేస్తే మాత్రం ఏమవుతుందిలే, రేపు పంపాలి కదా అని గొణిగాడు. అతన్ని నేను తప్పుపట్టను. ఆరు కుటుంబాలు ఆ ఆర్కెస్ట్రా మీద ఆధారపడి ఉన్నాయి, మోగనిదాన్ని మోయమని ఎలా అడుగుతాం? కానీ ఆ పూట నాకు అతని న్యాయం అక్కర్లేదు. సాయంత్రం లోపు అదే గంట మైకులో వినిపిస్తాను, అప్పుడు చెప్పు అన్నాను. డ్రమ్మరు భార్య వచ్చి మొగుడి చేతిలోంచి తెడ్డు తీసుకుంది. పో, పోయి కూర్చో అంది. ఆయన వెళ్ళి కూర్చున్నాడు.

ఈసారి టేపు సంచిలోనే ఉంది. అన్న దాన్ని రెండుసార్లు తీసి నాకు చూపించాడు. కానీ ఆమె వల దారం ఒక మూర, కాదు, కావాల్సినంత తెంపి తెచ్చింది. నేను టేపు లోపల పెట్టించేశాను. దారం ఒక కొస డ్రమ్మరు తన బొటనవేలితో స్నేర్ నడిమధ్య నొక్కి పట్టుకున్నాడు. రెండో కొస ఎడమ మైకు మూతి దాకా లాగి అక్కడ దారానికి ముడి వేశాను. ఆయన వేలు తీయకుండానే అదే దారాన్ని కుడి వైపుకి తిప్పాం. స్టాండ్లని ఆదివారం బిగించిన కొలతలోనే నిలబెట్టాం, కుడి మైకు ముడి కంటే జానెడు దూరంలో ఉంది. ఆయన ఆ ఖాళీని చాలాసేపు చూశాడు. బావమరిది కూడా స్తంభం పక్కన నిలబడి చూశాడు. అన్న స్టాండు సడలించి మైకుని ముడి దగ్గరికి దించాడు.

ఆ తర్వాత ఒక గంట ఏదీ మా మాట వినలేదు. మొదటిసారి సగంలో ఐసు బండి వచ్చి కిందే ఇంజను ఆపకుండా నిలబడింది. రెండోసారి కిటికీ రెక్క గాలికి కొట్టుకుంది. మూడోసారి ఆయన కర్ర జారింది. భుజం పట్టుకుని నా వైపు చూశాడు. ఇప్పటిదాకా ఎన్నిసార్లు జారి ఉంటుంది ఈ ఇరవై రెండేళ్ళలో అని అడిగాను. లెక్కలేదన్నాడు. అయితే ఇంకొకటి, కానివ్వండి అన్నాను. అన్న కిటికీలకి తువ్వాళ్ళు దోపాడు, ఆమె కిందికి వెళ్ళి బండి వాడిని దూరంగా పంపేసింది. నాలుగోసారి ఆయన తల ఎత్తలేదు. పాట మొదలు నుంచి చివరిదాకా పళ్ళు బిగించి వాయించాడు. ఆ ఒక్క మధ్యాహ్నం నేను హెడ్‌ఫోన్స్‌ని నమ్మలేదు, రెండు మైకులూ ఒకటిగా కలిపే విన్నాను.

అక్కడే పాటకి కలిపి, ఎండ దిగాక గంట మైకు పిట్టగోడ మీద పెట్టాం. బావమరిదే మీట నొక్కాడు. స్నేర్ మీద మొదటి దెబ్బకి ఒడ్డున ఆరేసిన చేపల దగ్గరున్న ఆడవాళ్ళు తలెత్తి చూశారు. పాట మొత్తం అయ్యేదాకా అతను కదల్లేదు. అయ్యాక ప్యాడ్ పాట వేయమని ఎవరో అన్నారు. అతను వెయ్యలేదు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, "బావా, జాతరకి వ్యాను ఎన్ని గంటలకి పెట్టమంటావు?" అని అడిగాడు.

మధ్యాహ్నమే పెట్టు, బిగించుకోవాలి గదా అన్నాడు ఆయన, అంతే. పొంగిపోతాడనుకున్నాను. వైర్లు చుట్టడం అయ్యేదాకా నా పక్కనే తచ్చాడాడు. అందరూ మెట్లు దిగాక, ఆదివారంది ఒకసారి పెట్టండి మేడమ్ అన్నాడు.

అది వద్దులెండి అన్నాను. పెట్టమన్నాడు. ఆదివారం నాటి ఎడమ మైకు ఒక్కటే వేసి హెడ్‌ఫోన్స్ ఆయన చెవులకి పెట్టాను. కళ్ళు మూసుకుని పాట మొత్తం విన్నాడు. తొడ మీద వేళ్ళు ప్రతి దెబ్బనీ పలికించాయి. అయిపోయాక హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టాడు.

"ఆ రోజు కూడా బాగానే వాయించినాను గదా మేడమ్."

"బాగా వాయించారు" అన్నాను.

"ఇంకోసారి చెప్పండి."

చెప్పాను.